ప్యాలెట్ చెక్కతో మంచం చేసుకోవచ్చా?

ప్యాకింగ్ ప్యాలెట్లు (సరుకు పేర్చడానికి వాడే చెక్క పలకల చట్రాలు), ఇంటిపనిలో మిగిలిన చెక్కలతో మంచం చేయొచ్చా అని అడిగారు. నిక్షేపంగా చేయొచ్చు. ముందు ప్యాలెట్ మీది ముద్ర చూడండి. హెచ్‌టీ అని ఉంటే వేడితో శుద్ధి చేసిన చెక్క, తీసుకోండి. ఎంబీ అంటే మిథైల్ బ్రోమైడ్ పొగ పట్టించింది, పడకగదిలోకి అసలు వద్దు. నూనె మరకలున్నదీ వద్దు.

కాళ్లకు మాత్రం పాత ఇళ్లు కూల్చినప్పుడు వచ్చే టేకు గుమ్మం ముక్కలే నా ఓటు. పైకి నల్లగా, రంగు పెచ్చులూడుతూ కనిపిస్తాయి. నాలుగుసార్లు చిత్రిక పట్టి చూడండి, లోపల తేనెరంగు చెక్క బయటపడుతుంది! అంతకుముందే అయస్కాంతంతో వెతికి మేకులన్నీ పీకేయాలి. ఒక్కటి మిగిలినా చిత్రిక బ్లేడు పాడవుతుంది.

పరుపు 72×60 అంగుళాలైతే ఫ్రేము లోపలి కొలత అరంగుళం ఎక్కువ పెట్టండి. ఈ వెడల్పుకి మధ్యలో ఒక అడ్డకర్ర, దానికింద ఇంకో కాలు ఉండాల్సిందే, లేకపోతే పరుపు కింద అడ్డంగా వేసే చెక్క పట్టీలు కుంగుతాయి. పట్టీల మధ్య రెండు మూడంగుళాల సందు చాలు. మేకులొద్దు, స్క్రూలు వాడండి. ముందు సన్నగా బెజ్జం వేసుకుంటే పట్టీ చివర చీలదు.