ఉచితంగా పోస్తామన్న మురుగు మడ్డి: పోయించుకోవచ్చా?

ప్రశ్న: మాది యాదాద్రి భువనగిరి జిల్లాలో మూసీ ఒడ్డు గ్రామం. రెండు నెలలుగా రాత్రిపూట ట్యాంకర్లు వచ్చి చెరువు ఎగువనున్న బీళ్లలో సెప్టిక్ ట్యాంకుల మడ్డి పోసి వెళుతున్నాయి. అడిగిన రైతులకు పొలంలోనూ ఉచితంగా పోస్తున్నారు. పోయించుకున్న పక్క పొలంలో వరి నల్లగా ఎదిగింది. మా బావి నీళ్లు మాత్రం వాసన వస్తున్నాయని ఇంట్లో ఆడవాళ్లు అంటున్నారు. ఊరి యువకులు ట్యాంకర్లకు అడ్డంగా కూర్చుంటున్నారు. నా మూడెకరాల్లో పోయించుకోవచ్చా? లేక వాళ్లతో కూర్చోవాలా?

జవాబు: పోయించుకోకండి. ముందు ఆ ఉచితం విలువ ఎంతో లెక్క వేద్దాం. 5 వేల లీటర్ల ట్యాంకరులో ఎక్కువ భాగం నీరే. మడ్డి బాగా చిక్కగా, నూటికి 5 పాళ్లు ఉందనుకున్నా ఘనపదార్థం 250 కిలోలు. అందులో నత్రజని 3 శాతం అనుకుంటే ఏడున్నర కిలోలు. 45 కిలోల యూరియా బస్తాలో 20 కిలోలకు పైగా ఉంటుంది. అంటే ట్యాంకరు మొత్తం కలిపి వంద రూపాయల యూరియా. ఇళ్లవాళ్ల దగ్గర డబ్బు తీసుకుని, శుద్ధి కేంద్రం దాకా వెళ్లే డీజిలు మిగుల్చుకోవడానికి మీ పొలం ట్యాంకరు వాళ్లకు దగ్గర దారి. అంతే.

పక్క పొలం నల్లగా ఉండటం చూసి ఆశపడకండి. నత్రజని ఎక్కువైన వరి ఎలా ఉంటుందో మీకు నేను చెప్పనక్కర్లేదు. సుడిదోమ, అగ్గితెగులు అలాంటి పైరునే వెతుక్కుంటూ వస్తాయి. చివర్లో పడిపోతుంది కూడా.

నన్ను ఎక్కువ కలవరపెట్టేది నాట్లు వేసేవాళ్ల కాళ్లు. శుద్ధి చేయని మలమడ్డిలో కొంకి పురుగులుంటే వాటి పిల్లలు ఒట్టి కాళ్ల చర్మంలోంచే లోపలికి పోతాయి. ఏలికపాముల గుడ్లు నేలలో ఏళ్ల తరబడి బతికి ఉంటాయి. ఆ గట్టు గడ్డి మేసిన పశువుల కండరాల్లో బద్దె పురుగు తిత్తులు ఏర్పడవచ్చు. ఇక ట్యాంకరులో ఫ్యాక్టరీ వ్యర్థం కలిసిందో లేదో డ్రైవరు చెప్పడు. అది కలిస్తే కాడ్మియం, సీసం, క్రోమియం లాంటి విష లోహాలు వస్తాయి. నత్రజని ఒక పంటకో రెండు పంటలకో పోతుంది, కాడ్మియం పోదు. పాలకూర లాంటి ఆకుకూరలు దాన్ని బాగా పీల్చుకుంటాయి.

మురుగు మడ్డి అంతా విషమే అని నేను అనను. సరిగా కుళ్లబెట్టి, పరీక్షించి, 1985 నాటి ఎరువుల నియంత్రణ ఉత్తర్వు పట్టణ కంపోస్టుకు పెట్టిన పరిమితుల్లో (కిలోకు కాడ్మియం 5 మిల్లీగ్రాములు, సీసం 100, క్రోమియం 50) ఉంటే వాడుకోవచ్చు. రాత్రి లైట్లు ఆర్పుకుని వచ్చే ట్యాంకరుకు ఆ పరీక్ష పత్రం ఉండదు కదా. శుద్ధి చేసిన మడ్డినే పొలాలకు వేసుకున్న అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో, ఎన్నేళ్లయినా విడిపోని రసాయనాలు పాలలో సైతం బయటపడ్డాక 2022లో దాన్ని చట్టం చేసి ఆపేశారు.

బావి సంగతికి ఆలస్యం చేయవద్దు. తాగడానికి, వంటకు ఈరోజే ఆపండి. మరిగిస్తే క్రిములు చస్తాయి గాని, మడ్డిలోని నత్రజని నుంచి వచ్చే నైట్రేటు పోదు. నీరు ఆవిరైన కొద్దీ ఇంకా చిక్కబడుతుంది. నైట్రేటు లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటిన నీరు పసిపిల్లలకు ప్రమాదం. మలం కలిసిందో లేదో తెలుసుకోవడానికి చిన్న సీసా పరీక్ష ఉంది: లోపల మందు వేసి ఉన్న ఆ సీసాలో నీరు నింపి మూత బిగించి వెచ్చని చోట ఒకటి రెండు రోజులు ఉంచితే, కలిసి ఉంటే నల్లగా మారుతుంది. మీ పంచాయతీని అడగండి.

ఇక కూర్చోవడం. కూర్చోండి, కానీ డ్రైవరు మీద చేయి పడనివ్వకండి. కూలికి వచ్చిన మనిషి అతను, పైగా కేసు మీ పిల్లల మీదికి వస్తుంది. ఒక నోటుబుక్కులో తేదీ, సమయం, బండి నంబరు, ఎక్కడ పోశారు అన్నది రాయించండి. గ్రామసభ తీర్మానంతో కాలుష్య నియంత్రణ మండలి ప్రాంతీయ కార్యాలయానికి ఫిర్యాదు ఇవ్వండి. 1974 నీటి చట్టం 24వ సెక్షను ప్రకారం తెలిసి కాలుష్యాన్ని నీటిలోకి, నేల మీదికి వదలడమే కాదు, వదలనివ్వడమూ తప్పే. పోయించుకున్న మీ పక్క రైతుకు ఈ మాట మెల్లగా చెప్పండి. మీరు నింపిన సీసా చట్టం ముందు సాక్ష్యంగా నిలవకపోవచ్చు. మండలి అధికారి చట్టం చెప్పిన పద్ధతిలో తీసి, రెండు భాగాలు చేసి సీలు వేసిన నమూనాయే నిలుస్తుంది. కాబట్టి అధికారిని రప్పించడమే మీ అసలు పని. పర్యావరణ కేసులు విచారించే జాతీయ హరిత ట్రిబ్యునలుకు వెళ్లదలిస్తే వివాదం మొదలైన ఆరు నెలల్లోపు చెన్నై బెంచిలో దరఖాస్తు పడాలి. రెండు నెలలు అప్పుడే గడిచిపోయాయి. ఫ్యాక్టరీల మురుగుతో నష్టపోయిన పటాన్‌చెరు నక్కవాగు రైతుల గోడు 1990లో సుప్రీంకోర్టుకు వెళ్లి ఏళ్లకేళ్లు నడిచింది. అలాంటి కేసులో కాగితాలు దాచుకుంటేనే మాట్లాడగలం.

మడ్డి పడ్డ పొలంలో ఈ సీజనుకు ఆకుకూరలు, కొత్తిమీర, క్యారెట్ వద్దు. ఎండనిచ్చి దున్ని పత్తి వేసుకోమనండి. మట్టిని పరీక్షకు పంపేటప్పుడు ఒక్కచోట నుంచి కాక పది పన్నెండు చోట్ల జానెడు లోతున తీసి కలిపి, అరకిలో గుడ్డ సంచిలో పంపండి. మడ్డి పడని గట్టు అవతలి మట్టి ఇంకో సంచి కావాలి. అది లేకపోతే పోల్చడానికి ఏమీ ఉండదు.