పాఠాల డిస్కులు మళ్లీ అమ్మే ముందు

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

వాడేసిన పాఠ్యపుస్తకాలు, వీడియో పాఠాల డిస్కులు, కోర్సులు కొని మళ్లీ అమ్మాలనుకుంటున్నానని రాశావు. చేయదగిన పనే, సంతోషం. నేను చాలాకాలం ఇదే వ్యాపారంలో ఉన్నాను కనుక ఒక్క మాట మొదటే చెబుతాను. ఏ సరుకు చేతికి వచ్చినా, దాన్ని మొదట కొన్న మనిషికి దక్కింది వస్తువా, లేక వాడుకోవడానికి అనుమతి మాత్రమేనా అని చూడు. వస్తువైతే సాధారణంగా అమ్ముకోవచ్చు. అనుమతైతే, ఇచ్చినవాళ్లు ఒప్పుకోకుండా చేతులు మార్చడానికి వీల్లేదు.

హక్కుదారు (అంటే ఆ రచన మీద కాపీరైటు ఉన్నవారు) అనుమతితో తయారై ఒకసారి అమ్ముడైన ప్రతిని మళ్లీ ఎవరికి, ఎంతకు అమ్మాలో శాసించే అధికారం ప్రచురణకర్తకు ఉండదు. ఒక డాలరుకు తక్కువకు అమ్మకూడదని నవలలో అచ్చువేసిన షరతును అమెరికా సుప్రీంకోర్టు 1908లోనే కొట్టివేసింది. విదేశాల్లో చవకగా దొరికే పాఠ్యపుస్తకాలను తెప్పించి అమెరికాలో అమ్మిన ఒక థాయ్‌లాండ్ విద్యార్థి పక్షాన అదే కోర్టు 2013లో నిలిచింది. అది చూసి అన్నిచోట్లా అంతే అనుకోకు. ఐరోపా సమాఖ్యలో, ఆ ప్రాంతంలోనే హక్కుదారు సమ్మతితో మొదట అమ్ముడైన ప్రతులకే ఈ వెసులుబాటు ఉంది. సరిహద్దు దాటించే సరుకైతే రెండు వైపులా చట్టం తెలుసుకున్నాకే డబ్బు పెట్టు.

డిస్కు కొన్నంత మాత్రాన దానిలోని పాఠం మీద హక్కు రాదు. కంప్యూటర్లోకి ఎక్కించుకుని అసలు డిస్కును అమ్మేయడం చాలామందికి తప్పుగా తోచదు. కానీ డిస్కు పోయాక ఆ ప్రతిని దగ్గర ఉంచుకునే అర్హత కూడా దానితోపాటే పోతుంది. క్లాసులో అందరికీ వేసి చూపడానికి, అద్దెకివ్వడానికి కూడా వేరే అనుమతులు కావలసి రావచ్చు.

కొనేటప్పుడు డిస్కును వెలుగులో పట్టి వెనక్కి తిప్పి చూడు. ఫ్యాక్టరీలో అచ్చయినది సాధారణంగా వెండిలా మెరుస్తుంది. మధ్య రంధ్రం చుట్టూ ఉన్న వలయంలో సన్నని అక్షరాలు, అంకెలు చెక్కి ఉంటాయి. ఇంట్లో కంప్యూటర్‌తో కాపీ చేసిన డిస్కు అడుగున తరచుగా ఊదా రంగో ఆకుపచ్చ ఛాయో కనిపిస్తుంది. అలాంటిది వస్తే, పైన లేబుల్ ఎంత అందంగా ఉన్నా పక్కన పెట్టు. నకలు ప్రతికి, మళ్లీ అమ్ముకునే ఈ వెసులుబాటు అసలు వర్తించదు. అది నకలని నీకు తెలియదన్న మాట నిన్ను ప్రతిచోటా కాపాడదు.

ఇక డౌన్‌లోడ్ చేసుకున్న పాఠాలు. ఫైలు ఇంకొకరి కంప్యూటర్‌కు చేరాలంటే అక్కడ కొత్త ప్రతి తయారు కావలసిందేనని, అది కాపీ చేయడమే అవుతుందని 2018లో అమెరికా అప్పీళ్ల కోర్టు పాటల ఫైళ్ల విషయంలో తేల్చింది. ఈ-పుస్తకాల పునర్విక్రయాన్ని ఐరోపా సమాఖ్య న్యాయస్థానం 2019లో వేరే కారణంతో కాదంది. సాఫ్ట్‌వేర్ దగ్గర మాత్రం 2012లో అదే న్యాయస్థానం, శాశ్వత లైసెన్సు కొన్నవాళ్లు తమ దగ్గరున్న ప్రతిని పనికిరాకుండా చేసి ఆ లైసెన్సును అమ్ముకోవచ్చని చెప్పింది. పూర్తి డబ్బు చెల్లించినవారు అమ్ముకోలేకపోవడం నాకు న్యాయంగా తోచదు. అయినా ఆ వాదన చేయవలసింది చట్టసభల్లో. నీ దుకాణంలో మాత్రం ఫైళ్లు అమ్మకానికి పెట్టకు.

లాగిన్, పాస్‌వర్డ్ అమ్మజూపేవాళ్లూ, నలుగురు చందాలు వేసుకుని ఒక కోర్సు కొని పంచుకుందామనేవాళ్లూ వస్తారు. వాళ్లతో బేరమే పెట్టుకోకు. పుస్తకంలో ఒకసారికే పనిచేసే కోడ్ ఉంటే, అది వాడేసినదో కాదో కొనేవాళ్లకు ముందే చెప్పు. మళ్లీ అమ్ముకునే హక్కుతో సహా కోర్సు ఇస్తామనే ప్రకటనలూ చూస్తావు. ఆ హక్కు ఇచ్చేవాళ్లకు అసలు ఉందా, ఎన్ని ప్రతులకు, ఏ పేరుతో, మార్పులు చేయవచ్చా అన్నవి కాగితం మీద ఉండాలి. నోటిమాటకు విలువ ఇవ్వకు.

ప్రకటనకు పెట్టే ఫోటో నువ్వే తియ్యి, వివరాలు నీ మాటల్లో రాయి. ప్రచురణకర్త వెబ్‌సైటు నుంచి బొమ్మలు, వాక్యాలు ఎత్తి పెడితే సరుకు సక్రమమైనదే అయినా తగాదా ఎదురవుతుంది. రసీదులు దాచు. ఫిర్యాదు వస్తే ప్రకటన తీసేసి, రసీదు చూపి జవాబు రాయి. మౌనంగా ఉండిపోకు.

నీ దగ్గరకు వచ్చిందన్న ఆ శిక్షణ నోట్సు పెట్టె గురించి అడిగావు. "అమ్మకానికి కాదు" అన్న ముద్ర ఒక్కటే తీర్పు చెప్పదు. ఉచితంగా పంపిన ప్రచార సీడీల మీద అలాంటి మాట ఉన్నా, అందుకున్నవాళ్లే వాటి యజమానులని 2011లో అమెరికాలో ఒక కోర్టు అంది. కానీ శిక్షణ సంస్థలు తరచుగా సంతకం చేయించుకుని, తిరిగి ఇచ్చేయాలన్న షరతుతో ఇస్తాయి. ఆ పెట్టె ఇచ్చిన మనిషిని ఒప్పందం కాగితం అడుగు. దొరకకపోతే ఆ సంస్థకే రాసి, రాతపూర్వకంగా జవాబు తెప్పించుకో. అది వచ్చేదాకా పెట్టెను మిగతా సరుకులో కలపకు.

ఇట్లు,
మామయ్య