బాబు వైద్యానికి ప్రోనోటు రాయకండి

ప్రశ్న: మాది చీమకుర్తి. మా ఆయన గ్రానైట్ క్వారీలో మెషిన్ ఆపరేటర్, నేను ఇంట్లో బట్టలు కుడతాను. ఇద్దరికీ కలిపి నెలకు 34 వేలు వస్తాయి. ఇంటర్ చదివే మా 17 ఏళ్ల బాబు గంజాయికి అలవాటు పడ్డాడు. ఒంగోలు రిమ్స్‌లో చూపిస్తే వారం వారం ఓపీకి రమ్మన్నారు, కౌన్సెలింగ్‌లో మమ్మల్నీ కూర్చోమన్నారు. బంధువులేమో మూడు నెలలు ప్రైవేటు సెంటర్లో పెట్టమంటున్నారు. 1,80,000 కట్టాలి. మూడు రూపాయల వడ్డీకి ఇచ్చేవాళ్లున్నారు. బ్యాంకులో 45 వేలు, ఐదు సవర్ల బంగారం, హెల్త్ పాలసీ ఉన్నాయి. ఏం చేయమంటారు?

జవాబు: ఆ ప్రోనోటు మీద సంతకం పెట్టకండి. బిడ్డ విషయంలో డబ్బు చూసుకుంటామా అని ముందు అప్పు తెచ్చి, తర్వాత మందులకు చేతిలో రూపాయి లేక వైద్యం మధ్యలో ఆపేసే కుటుంబాలు చాలా ఉన్నాయి.

1,80,000కి మూడు రూపాయల వడ్డీ అంటే నెలకు 5,400. ఎన్నేళ్లు కట్టినా అసలు అలాగే ఉంటుంది. ఇప్పుడు ఓపీ ఖర్చు చూడండి. ముగ్గురికి బస్సు చార్జీలు, భోజనం, బయట కొనాల్సిన మందులు, మీవారికి పోయే ఒకరోజు జీతం కలిపి వారానికి 1,300 వేసుకున్నా నెలకు 5,200. వడ్డీకి పోసే డబ్బుతోనే నెలంతా వైద్యం నడుస్తుంది! మీవారు ఆ రోజుకు షిఫ్టు మార్పించుకోగలిగితే ఇంకా తగ్గుతుంది. సెంటర్లో చేర్చమన్నది బంధువులే కానీ డాక్టరు కాదు. రేపు డాక్టరే చేర్చాలంటే ముందు రిమ్స్‌లోనే అడగండి.

గంజాయి మానేసిన పిల్లలు మళ్లీ ఒకసారి జారడం ఈ జబ్బులో మామూలే. బాబు తిరిగొచ్చేది అదే వీధికి, అదే స్నేహితుల దగ్గరికి. అప్పుడు మళ్లీ ఓపీకే వెళ్లాలి. క్వారీలో పని ఆగే నెలలూ ఉంటాయి. అందుకే ఆ 45 వేలు కదపకండి. ఫోన్‌పే లేని, ఏటీఎం కార్డు తీసుకోని వేరే ఖాతాలోకి మార్చి, మూడు నెలల ఇంటి ఖర్చు అయ్యేదాకా పెంచండి. మీ ఫోన్‌పే పిన్ బాబుకు తెలిసే ఉంటుంది. కౌన్సెలర్ ఎదుటే వాడికి చెప్పి మార్చండి. దొంగను చూసినట్టు చూడొద్దు.

హెల్త్ పాలసీని నమ్ముకోకండి. మత్తు అలవాటుకు చేసే వైద్యం చాలా పాలసీల్లో మినహాయింపుల కిందే ఉంటుంది, ఓపీ బిల్లులు మామూలుగా రావు. అయినా ప్రీమియం ఆపొద్దు, మిగతా జబ్బులకు అది కావాలి. బంగారం తాకట్టు తప్పనిసరైతే బ్యాంకులోనే పెట్టండి.

ఒంగోలు వెళ్లలేని వారం మత్తు మాన్పించే హెల్ప్‌లైన్ 14446కి గానీ, మానసిక ఆరోగ్య సలహా ఇచ్చే టెలిమానస్ 14416కి గానీ ఫోన్ చేయండి, ఉచితమే. ఈ నెల నుంచే వడ్డీ కడుతున్నట్టు 5,400 పక్కన పెట్టండి. ఓపీకి పోగా మిగిలింది ఆ ఖాతాలో వేయండి.