లక్షన్నరకు ఇప్పుడే సంతకం పెట్టకండి

రెండుసార్లు గేర్‌బాక్స్ మార్చినా కారు నడిరోడ్డు మీద ఆగిపోతోందని, కేసు వేయకముందే కంపెనీ లక్షన్నర ఇస్తానంటోందని రాశారు. తొందరపడకండి అండీ.

కంపెనీ సంతకం పెట్టమంటున్న కాగితంలో ‘ఇదే పూర్తి, తుది పరిష్కారం’ అన్న మాట ఉందేమో చూడండి. ఉంటే, రేపు మూడో గేర్‌బాక్స్ పోయినా అడిగే దారి దాదాపు మూసుకుపోతుంది. నాకు వచ్చిన పత్రంలో అది నాలుగో పేజీ అడుగున, చిన్న అక్షరాల్లో ఉంది. మా ఆవిడ చూడబట్టి బయటపడ్డాం. డబ్బు తీసుకోవడం తప్పు కాదు, కానీ గేర్‌బాక్స్‌కు వారంటీ పొడిగింపు కూడా అందులోనే రాయించుకోండి.

అంతకన్నా నన్ను కలవరపెడుతున్నది గడువు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం ఫిర్యాదుకు రెండేళ్లే సమయం. ఉత్తరాలు నడుస్తున్నాయి కదా అని ఊరుకుంటే అది ఆగదు. కారుకు 14 లక్షలు పెట్టానన్నారు. చెల్లించిన ధర 50 లక్షల వరకు ఉంటే జిల్లా వినియోగదారుల కమిషనే వింటుంది. అక్కడే మధ్యవర్తిత్వం కోరవచ్చు. అలా కుదిరిన ఒప్పందం కమిషన్ ఉత్తర్వుగా వస్తుంది, కంపెనీ మాట తప్పితే అమలు చేయించుకోవచ్చు.

సర్వీసు సెంటర్ ఇచ్చిన జాబ్ కార్డులన్నీ (ఏ రిపేరు చేశారో రాసిచ్చే కాగితాలు) ఈ రాత్రికే ఫొటోలు తీసి పెట్టుకోండి, మెకానిక్ చేత్తో రాసినవి ముందుగా.