టెక్ సందేహాలు: బ్లాకర్ ఆపారు సరే, మీ పేజీ చదవడం ఆపిందా?

ప్రశ్న: రాజాంలో నెట్ సెంటర్ నడుపుతున్నాను. అన్ని కంప్యూటర్లలోనూ ప్రకటనలను అడ్డుకునే యాడ్ బ్లాకర్ ఎక్స్‌టెన్షన్ (బ్రౌజరుకు తగిలించే చిన్న ప్రోగ్రాం) వేయించాను. పరీక్ష ఫీజు కట్టే సైటొకటి ‘యాడ్ బ్లాకర్ తీసేయండి’ అని మొరాయిస్తోంది. తీసేస్తే పని జరుగుతోంది గానీ ఆ రోజంతా అడ్డమైన ప్రకటనలూ వచ్చి పడుతున్నాయి. మళ్లీ పెట్టడం మా కుర్రాడికి గుర్తుండదు. ఒక్క సైటుకే ఆపే దారి ఏటైనా ఉందా సార్?

జవాబు: ఉందండీ. ఇదే గోడు ఆమదాలవలస నుంచి, చీపురుపల్లి నుంచి కూడా వచ్చింది. ఒకరిది భూమి రికార్డు, ఇంకొకరిది రైలు టికెట్టు. అందరూ చేసిన పని మాత్రం ఒకటే: సైటు తెరుచుకోకపోతే బ్లాకర్‌ని పీకి పారేయడం.

ఫీజు సైటు తెరిచి ఉండగానే బ్లాకర్ బొమ్మ మీద నొక్కండి. యూబ్లాక్ ఆరిజిన్ అనే బ్లాకర్‌లో అయితే పెద్ద పవర్ బటన్ కనిపిస్తుంది. అది నొక్కి పేజీని రిఫ్రెష్ చేస్తే ఆ సైటు వరకే ఆగుతుంది. కంట్రోల్ కీ పట్టుకుని నొక్కితే ఆ ఒక్క పేజీకే. దాని తేలిక రకమైన యూబ్లాక్ ఆరిజిన్ లైట్‌లో పవర్ బటన్ ఉండదు, పక్కకు జరిపే స్థాయిలు ఉంటాయి. ఆ సైటుకు ‘ఫిల్టరింగ్ లేదు’ అన్న స్థాయికి జరపాలి. ఇంకొన్ని బ్లాకర్లలో ‘ఈ సైటులో ఆపు’, ‘అన్ని సైట్లలో ఆపు’ ఒకదాని కిందే ఒకటి ఉంటాయి. మీ కుర్రాడు నొక్కుతున్నది రెండోదేమో చూడండి. తప్పు వాడిది కాదు. ఆ రెండింటినీ అలా అంటించి పెట్టిన డిజైనరు, ఫీజు ఆఖరు తేదీనాడు పదిమంది పిల్లలు మీద పడుతున్న కౌంటర్‌లో ఒక్క పూట కూర్చుని ఉంటే ఆ పని చేసేవాడు కాదు.

ఇలా చేసినా డబ్బు కట్టే దగ్గర ఆగిపోతే, అక్కడ చిరునామా చూడండి. ఫీజు సైటు నుంచి డబ్బు కట్టించుకునే పేమెంట్ గేట్‌వేకి వెళ్లేసరికి సైటే మారిపోతుంది. మీరిచ్చిన మినహాయింపు మొదటి సైటుకే గదా. గేట్‌వే పేజీకి విడిగా ఇవ్వాలి. అప్పటికీ డబ్బు కట్టే విండో తెరుచుకోకపోతే దోషం బ్లాకర్‌ది కాకపోవచ్చు. కొత్త విండోలను బ్రౌజరు తనంతట తానే ఆపుతుంది. అడ్రస్ బార్ చివర చిన్న గుర్తు వస్తుంది, దానిమీద నొక్కి ఆ సైటుకు పాపప్‌లు అనుమతించండి. పాపం చాలా బ్లాకర్లు ఈ చేయని నేరానికే బలైపోయాయి.

మినహాయింపు చేత్తో రాసేవాళ్లకు ఒక హెచ్చరిక. యూబ్లాక్ ఆరిజిన్‌లో నమ్మిన సైట్ల జాబితా ఉంటుంది. అందులో ఒక చిరునామా రాస్తే దాని కింద ఉండే ఉప చిరునామాలన్నీ కలిసి వస్తాయి. అన్ని శాఖలకూ పనికొస్తుందని ఏకంగా ‘ఏపీ.గవ్.ఇన్’ అని రాసుకున్న మహానుభావుడొకరు ఉన్నారు. అంత వద్దు, పనున్న సైటు వరకే చాలు. పైగా ఒక సైటులో బ్లాకర్ ఆపితే వచ్చేవి ఆ సైటు సొంత ప్రకటనలే కావు. ఆ పేజీ బయటినుంచి పిలిచే ప్రతి స్క్రిప్టూ (పేజీలో నడిచే కోడ్) లోపలికి వస్తుంది. అందుకే పని అయ్యాక మినహాయింపు తీసేయడం మంచిది.

పూర్తిగా తీసేస్తే మటుకు నష్టం ప్రకటనల చికాకుతో పోదు. 2022 డిసెంబరులో అమెరికా ఎఫ్‌బీఐ ప్రజలకు ఒక ప్రకటన ఇచ్చింది. మోసగాళ్లు సెర్చ్ ఫలితాల్లో డబ్బిచ్చి ప్రకటనలు పెట్టి, అసలు సంస్థల్లా కనిపించే దొంగ సైట్లకు మళ్లిస్తున్నారని, వెతికేటప్పుడు యాడ్ బ్లాకర్ వాడమని చెప్పింది. మీ సెంటర్‌లో ఎవరూ ఫీజు సైటు చిరునామా టైపు చేయరు, పేరు కొట్టి పైన వచ్చింది నొక్కుతారు. అక్కడే దెబ్బ తగులుతుంది.

ఇక మీరు అడగనిది ఒకటి. నాకు అసలు భయం దాని గురించే.

ఆ పవర్ బటన్ నొక్కినప్పుడు ఏం జరుగుతోంది? ‘ఈ పేజీలో ఏమీ అడ్డుకోకు’ అని ఎక్స్‌టెన్షన్‌కి చెబుతున్నారు, అంతే. పేజీని చదవడానికి, మార్చడానికి ఇన్‌స్టాల్ చేసిన రోజు మీరిచ్చిన అనుమతి అలాగే ఉంటుంది. కాపలావాడికి ‘ఈ గదిలోకి చూడకు’ అని చెప్పడం వేరు, గదికి తాళం వేయడం వేరు. నిజాయితీగల బ్లాకర్ అయితే చూడదు. దొంగదైతే, మీరు ఆపేశాననుకున్న బ్యాంకు పేజీలో కూడా పాస్‌వర్డు టైపు చేస్తుంటే చదువుతూనే ఉంటుంది.

దొంగది ఎందుకవుతుంది అంటారా? 2020లో నానో యాడ్‌బ్లాకర్, నానో డిఫెండర్ అనే రెండు ఎక్స్‌టెన్షన్లు చేతులు మారాయి. రెంటికీ కలిపి మూడు లక్షలకు పైగా ఇన్‌స్టాల్స్. కొన్నవాళ్లు అప్‌డేట్‌లో సమాచారం లాగే కోడ్ కలిపారు. తాము నొక్కకుండానే ఇన్‌స్టాగ్రామ్‌లో లైకులు పడుతున్నాయని జనం గోల పెట్టారు. గూగుల్ వాటిని స్టోర్ నుంచి తీసేసింది. వాడుకున్నవాళ్లు చేసిన తప్పేమీ లేదు, నిద్రలేచేసరికి ఎక్స్‌టెన్షన్ యజమాని మారిపోయాడు. 2018లో అయితే క్రోమ్ స్టోర్‌లో పేరున్న బ్లాకర్లకు నకళ్లే దొరికాయి.

ఇప్పుడు ఆ ప్రమాదం పెరిగింది. మేనిఫెస్ట్ వీ2 అనే పాత పద్ధతిలో తయారైన ఎక్స్‌టెన్షన్లను క్రోమ్ 2024 నుంచి వరసగా ఆపుతూ 2025లో పూర్తిగా ఆపేసింది. యూబ్లాక్ ఆరిజిన్ అక్కడ పోయింది. ఫైర్‌ఫాక్స్‌లో ఉంది. పోయింది కాబట్టి జనం స్టోర్‌లో అదే పేరు కొట్టి, అలాంటి బొమ్మే ఉన్నది ఏదైతే అది వేసుకుంటున్నారు. క్రోమ్‌లో కావాలంటే అదే రచయిత రేమండ్ హిల్ చేసిన లైట్ ఉంది, వేసుకునే ముందు తయారుచేసినవారి పేరు చూడండి. దాన్ని బేసిక్ స్థాయిలో ఉంచితే పేజీల్లో ఉన్నది చదవాల్సిన అవసరమే దానికి ఉండదు.

తాళం మాటకొస్తే, క్రోమ్‌లో ఎక్స్‌టెన్షన్ వివరాల పేజీలో సైట్ యాక్సెస్ అని ఉంటుంది: అన్ని సైట్లలో, ఎంచుకున్న సైట్లలో, నొక్కినప్పుడు మాత్రమే. కూపన్లు వెతికేవి, స్క్రీన్‌షాట్లు తీసేవి, ఏ షాపువాడో వేసిచ్చినవి అన్నిటినీ చివరిదానికి మార్చేయండి. బ్లాకర్‌ని అలా మారిస్తే పనికిరాదు. అందుకే బ్యాంకు పనికి క్రోమ్‌లో వేరే ప్రొఫైల్ (విడి సెట్టింగులు, ఎక్స్‌టెన్షన్లు ఉండే ఖాతా) పెట్టుకోండి, అందులో ఒక్క ఎక్స్‌టెన్షన్ కూడా వేయకండి. అంత ఓపిక లేకపోతే ఇన్‌కాగ్నిటో విండో తెరవండి. మీరు ప్రత్యేకంగా అనుమతిస్తే తప్ప ఎక్స్‌టెన్షన్లు అక్కడ నడవవు. నెట్ సెంటర్‌కి ఇది మరీ అవసరం. ఎవరో తన గూగుల్ ఖాతాతో క్రోమ్‌లోకి లాగిన్ అయి సింక్ పెట్టుకుంటే, అతని ఇంటి కంప్యూటర్‌లో ఉన్న చెత్త ఎక్స్‌టెన్షన్లు కూడా మీ కంప్యూటర్‌లో దిగుతాయి.

షాపువాడంటే గుర్తొచ్చింది. కొత్త ల్యాప్‌టాప్ కొన్నా, ఫార్మాట్ చేయించినా ‘అన్నీ లోడ్ చేసి ఇచ్చాం’ అంటారు. ఆ అన్నీలో ఏమున్నాయో ఎవరూ చెప్పరు, కొన్నవాడూ అడగడు. ఇంటికెళ్లి చూస్తే హోమ్ పేజీ మారి ఉంటుంది, బ్రౌజర్‌లో ‘సెక్యూరిటీ’ అనో ‘ప్రొటెక్ట్’ అనో పేరున్న ఎక్స్‌టెన్షన్ ఒకటి కూర్చుని ఉంటుంది. నలభై వేలు పోసి కొన్న వస్తువులో ఒక గంట కూర్చుని ఎక్స్‌టెన్షన్ల జాబితా చూసుకోవడానికి మనకు తీరిక ఉండదు. యజమాని తెలియనిది ఏదున్నా తీసేయండి. నిజంగా అవసరమైతే తర్వాత మళ్లీ వేసుకోవచ్చు.

ప్రశ్న: పలాసలో జీడిపప్పు వ్యాపారం. ఫోన్‌లో ప్రకటనలు రాకుండా మా మేనల్లుడు ఏదో పెట్టాడు. అప్పట్నుంచి రెండు యాప్‌లు తెరుచుకోవు. ఎక్స్‌టెన్షన్ ఎక్కడుందో వెతికినా కనపడలేదు.

జవాబు: ఆండ్రాయిడ్ క్రోమ్‌లో ఎక్స్‌టెన్షన్లు ఉండవు, అందుకే కనపడలేదు. సెట్టింగ్స్‌లో ప్రైవేట్ డీఎన్ఎస్ అని వెతకండి. డీఎన్ఎస్ అంటే సైటు పేరు అడిగితే దాని చిరునామా చెప్పే సర్వర్. అక్కడ ఏదో చిరునామా రాసి ఉంటే మీ మేనల్లుడు పెట్టింది అదే. అది ఫోన్ మొత్తానికీ పనిచేస్తుంది, ‘ఈ యాప్‌కి వద్దు’ అనే వీలు ఆ సెట్టింగ్‌లో లేదు. ఆటోమేటిక్‌కి మార్చి యాప్‌లు తెరిచి చూడండి. ప్రకటనలు మరీ విసిగిస్తే ఫోన్‌లో ఫైర్‌ఫాక్స్ వేసుకుని అందులో యూబ్లాక్ ఆరిజిన్ పెట్టుకోండి, పైన చెప్పినట్టు సైటువారీగా ఆపుకోవచ్చు. డీఎన్ఎస్సే కావాలనుకుంటే అది ఎవరి సర్వరో మేనల్లుణ్ణి అడగండి. మీ ఫోను ఏయే సైట్ల పేర్లు అడిగిందో వాళ్లకి తెలుస్తుంది.