అమెరికా నుంచి ల్యాప్‌టాప్, ఐఫోన్, ఇన్‌స్టంట్ పాట్: ఏది గిట్టుబాటు, ఏది కాదు

మీ ప్రశ్న ఇది: డల్లాస్‌లో ఉంటున్న బావగారు సంక్రాంతికి వస్తున్నారు, ఆయన చేత ఒక ల్యాప్‌టాప్, ఒక ఐఫోన్, అక్కయ్య అడిగిన ఇన్‌స్టంట్ పాట్ (కరెంటుతో నడిచే ప్రెషర్ కుక్కర్) తెప్పించుకుంటే డబ్బు మిగులుతుందా? ల్యాప్‌టాప్ మీద మిగలొచ్చు. ఫోన్ మీద మిగిలేది మోడల్‌ని బట్టి. పాట్ మాత్రం వద్దు.

నాది సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో రిపేరు షాపు. పండగలు, వేసవి సెలవులు అయ్యాక అమెరికా సరుకు మా బల్ల మీదికి రావడం మామూలే. కొన్నప్పటి ధర కంటే పాడయ్యాక అయ్యే ఖర్చే నా కంటికి ఎక్కువ ఆనుతుంది. అది దృష్టిలో పెట్టుకుని చదవండి.

ముందు ఫోన్. 2024 సెప్టెంబరులో ఐఫోన్ 16 వచ్చినప్పుడు అందరి నోటా 799 డాలర్ల మాటే. అది అక్కడి నెట్‌వర్క్ కనెక్షన్‌తో కలిపి తీసుకునేవాళ్ల ధర. అన్‌లాక్డ్ ఫోన్, అంటే ఏ నెట్‌వర్క్‌కీ కట్టుబడనిది, 829. పైగా అమెరికా షాపుల్లో రాసి ఉన్న ధరలో పన్ను కలిసి ఉండదు. డల్లాస్‌లో సేల్స్ ట్యాక్స్ 8.25 శాతం. అదీ కలిపితే 897 డాలర్లు, అప్పటి 84 రూపాయల మారకం లెక్కన 75,000 దాటింది. ఇక్కడ అదే ఫోన్ అప్పట్లో 79,900. ఆ నాలుగున్నర వేల కోసం బావగారిని మొహమాటపెట్టడం ఎందుకు? బ్యాంకు కార్డు ఆఫర్ ఒకటి తగిలితే ఆ తేడా కూడా ఉండదు.

ప్రో మోడల్ దగ్గర లెక్క మారింది. అక్కడ 999 డాలర్లు, పన్నుతో దాదాపు 91,000 రూపాయలు. ఇక్కడ 1,19,900. 29,000 తేడా అంటే ఎవరికైనా ఆశ పుడుతుంది. కానీ కొత్త ఫోన్ సీలు విప్పని డబ్బాతో శంషాబాద్‌లో దిగి, అది కస్టమ్స్ వాళ్ల కంట పడితే? 2024లో అమల్లో ఉన్న 2016 బ్యాగేజీ నియమాల ప్రకారం మనిషికి 50,000 వరకే మినహాయింపు, ఆ పైన విలువకు 38.5 శాతం సుంకం. అంటే 41,000 మీద 15,800 దాకా. తేడాలో సగం కన్నా ఎక్కువ అక్కడే పోయింది. ఆయన మినహాయింపూ మీ అక్కయ్య మినహాయింపూ కలిపి ఒకే వస్తువుకు వాడుకుంటామంటే కుదరదు. పరిమితులు, రేట్లు మారుతూ ఉంటాయి కాబట్టి టికెట్ బుక్ చేసుకున్నప్పుడే సీబీఐసీ (కస్టమ్స్‌ని చూసే కేంద్ర బోర్డు) సైటులో తాజా నియమాలు చూసుకోమనండి. పరిమితి దాటితే, సుంకం కట్టాల్సినవాళ్ల కోసం ఉండే రెడ్ చానెల్లోకి వెళ్లి చెప్పడమే మంచిది. ఏమీ లేదన్నట్టు గ్రీన్ చానెల్లో నడిచి దొరికితే సుంకంతో పోదు, జరిమానా కూడా పడొచ్చు, వస్తువు జప్తు కూడా కావచ్చు.

ఫోన్ విషయంలో చాలామంది ఆలోచించనిది సిమ్. ఐఫోన్ 14 నుంచి అమెరికాలో అమ్మేవాటికి సిమ్ ట్రే ఉండదు, ఈసిమ్ (ఫోన్‌లోనే ఉండే డిజిటల్ సిమ్) ఒక్కటే. ఫోన్ బాగున్నన్నాళ్లు ఏ ఇబ్బందీ లేదు. ఒకరోజు డిస్‌ప్లే పోయి మా దగ్గరికి వచ్చిందనుకోండి. మామూలు ఫోన్ అయితే సిమ్ తీసి ఇంట్లో ఉన్న పాత సెట్‌లో వేసుకుంటారు. ఇక్కడ తీయడానికి సిమ్మే లేదు. బ్యాంకు ఓటీపీలు రావు, యూపీఐ నడవదు, ఆపరేటర్ చుట్టూ తిరగాలి. మా కౌంటర్ ముందు నిలబడి "కనీసం పెట్రోలుకైనా డబ్బులు కట్టలేకపోతున్నానన్నా" అన్న కుర్రాణ్ని చూశాను. ఇంకో మాట, వాయిదాల మీద కొన్న ఫోన్ అక్కడి కంపెనీకి లాక్ అయి ఉండొచ్చు. పూర్తి డబ్బు కట్టి, అన్‌లాక్ చేయించాకే విమానం ఎక్కించమనండి.

ల్యాప్‌టాప్ సంగతి నయం. పద్దెనిమిదేళ్లు నిండిన ప్రయాణికుడికి ఒక ల్యాప్‌టాప్ మీద సుంకం లేదు, అది పైన చెప్పిన పరిమితిలోకి రాదు. రెండోది తెస్తే లెక్కలోకి వస్తుంది. నేను గట్టిగా చెప్పేది ఒకటే: పండగ ముందు రోజు కొని తేవద్దు. అక్కడ షాపుల్లో వాపసు గడువు ఉంటుంది, బెస్ట్ బైలో మామూలుగా 15 రోజులు, కాస్ట్‌కోలో ఎలక్ట్రానిక్స్‌కి 90 రోజులు. బావగారినే విప్పి, ఓ వారం పది రోజులు వాడి చూడమనండి. స్క్రీన్ మీద చుక్క, ఉబ్బే బ్యాటరీ, పనిచేయని స్పీకరు ఉంటే ఆ రోజుల్లోనే బయటపడతాయి. ఇక్కడికి వచ్చాక తెలిస్తే వెనక్కి పంపే ఖర్చుతో ఇక్కడే బాగు చేయించుకోవచ్చు.

కొనే ముందు వారంటీ ఏ దేశానికో అడగండి. ఆఫీసులకు అమ్మే మోడళ్లకు ఇంటర్నేషనల్ వారంటీ ఉండే అవకాశం ఎక్కువ, ఇళ్లకు అమ్మేవాటికి చాలాసార్లు కొన్న దేశంలోనే. ఇండియాలో అసలు అమ్మని మోడల్ అయితే బోర్డు పోయినప్పుడు మేమూ చేతులెత్తేస్తాం. పనిరాక కాదు, విడిభాగం దొరకక. గేమింగ్ ల్యాప్‌టాప్‌లతో ఈ తలనొప్పి మరీ ఎక్కువ.

ఛార్జర్ గురించి భయం అక్కర్లేదు. అడాప్టర్ వెనక చిన్న అక్షరాల్లో 100-240 వోల్టులు, 50/60 హెర్ట్జ్ అని ఉంటే మన కరెంటుకు సరిపోతుంది. అమెరికా ప్లగ్గుకి ముప్పై రూపాయల కన్వర్టర్ తగిలించొద్దు. వాటిలో చాలావాటికి ఎర్త్ కలవదు, అల్యూమినియం బాడీ మీద చెయ్యి పెడితే జివ్వుమంటుంది. "ల్యాప్‌టాప్ షాక్ కొడుతోంది" అని తెచ్చినవాళ్లకు మేం మొదట చూసేది అదే. మూడు పిన్నుల మన వైరు, మిక్కీ మౌస్ తలలా ఉండే ఆ రెండో కొసతో సహా, విడిగా దొరుకుతుంది. అది మార్చుకుంటే సరి.

ఇక పాట్. డబ్బా మీద 120 వోల్టులు అని మాత్రమే ఉంటే అది మన ఇంటికి పనికిరాదు. మన 230లో పెడితే హీటింగ్ కాయిల్ మీద పడే పవరు రెట్టింపు కాదు, మూడున్నర రెట్లు దాటుతుంది. ఫ్యూజు కొట్టేస్తే అదృష్టం. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టుకుంటాం అంటారు. వెయ్యి వాట్ల పాట్‌కి అంతకు మించిన ట్రాన్స్‌ఫార్మర్ కావాలి, దాని బరువుకి వంటింటి గట్టు మీద చోటుండదు. మిక్సర్‌లాంటి మోటారు వస్తువులకు 60 హెర్ట్జ్, 50 హెర్ట్జ్ తేడా ఇంకో గొడవ, ట్రాన్స్‌ఫార్మర్ దాన్ని సరిచేయదు. అక్కయ్యకి ఇక్కడే 230 వోల్టులది కొనిపెట్టండి.

చివరి నిమిషంలో "వస్తూ వస్తూ పట్టుకురా" అనేవాటిలో పవర్ బ్యాంకు ఉంటే చేతి సంచిలోనే ఉండాలి, 100 వాట్-అవర్ లోపుదే మేలు. డ్రోన్ వద్దు, 2022 ఫిబ్రవరి నుంచి విదేశీ డ్రోన్ల దిగుమతి నిషేధం. శాటిలైట్ ఫోన్, ట్రెక్కింగ్‌కి వాడే శాటిలైట్ మెసెంజర్ అనుమతి లేకుండా తెస్తే పోలీసు కేసే. కొరియర్లో పంపించి "గిఫ్ట్" అని రాస్తే సుంకం ఉండదనుకోవద్దు, 5,000 లోపు గిఫ్టులకు ఉన్న మినహాయింపు 2019 డిసెంబరులోనే పోయింది.

బావగారు ఇంకా కొనలేదంటే, ల్యాప్‌టాప్ పూర్తి మోడల్ నంబరు ఇక్కడ రాయండి. దాని బోర్డు, స్క్రీన్ మన దగ్గర దొరుకుతాయో లేదో చూసి చెబుతాను.