మ్యాట్ మీద మోకాలు జాగ్రత్త

అమ్మలూ,

నువ్వు జిల్లా కబడ్డీ జట్టుకి ఎంపికయ్యావనీ, ఎడమ చివర కాపు కాసే లెఫ్ట్ కార్నర్ చోటు నీదేననీ మీ నాన్న ఫోన్ చేశాడు. వీధంతా చాటింపు వేసినట్టు చెప్పుకున్నాను. ఆట మ్యాట్ మీద అన్నాడు చూడు, అప్పట్నుంచి నిద్ర సరిగా పట్టడం లేదు.

గోళ్ళు తీసుకో. ఆటకి ముందు కడుపునిండా తినకు. రిఫరీతో వాదన పెట్టుకోకు. ఇవన్నీ మీ సారు చెప్పే ఉంటారు.

మోకాలి సంగతి మాత్రం నేను చెప్పాల్సిందే. మా జట్టులో రైట్ కార్నర్ ఆడే కుర్రాడొకడుండేవాడు. వాడిది ఉడుంపట్టు. సంక్రాంతి పోటీల్లో మా మీదికి కూతకొచ్చిన రైడర్ కూత ఆపకుండా మధ్యగీత వైపు దూసుకుపోతుంటే, వీడు కాలు బిగబట్టి అడ్డం పెట్టాడు. చప్పుడు గట్టు మీద కూర్చున్నవాళ్ళకీ వినబడింది. ఆ తర్వాత వాడు బాసింపట్టు వేసుకుని భోజనానికి కూర్చోగా నేను చూడలేదు.

తొమ్మిదో తరగతిలో ద్రవ్యవేగం చదివి, మార్కులు తెచ్చుకుని వదిలేశావు కదా, ఇప్పుడు బయటికి తియ్యి. 60 కిలోల రైడర్ సెకనుకి 4 మీటర్ల వేగంతో వస్తే ఆమె ద్రవ్యవేగం, అంటే ఆ రెండిటి లబ్ధం, 240. దాన్ని ఆపే కాలంతో భాగిస్తే బలం వస్తుంది: సెకనులో పదోవంతులో ఆపాలంటే 2400 న్యూటన్లు కావాలి, అంటే దాదాపు రెండున్నర క్వింటాళ్ళ బరువు నీ మోకాలి మీద పడ్డట్టే. అదే ఆమె పోయే వైపే ఒరుగుతూ, మోకాళ్ళు వంచి, అరసెకను పాటు లాగుతూ ఆపావనుకో, 480 న్యూటన్లే. అరక్వింటా లోపే!

మట్టిలో మాకు కాలు జారేది. తిట్టుకునేవాళ్ళం గానీ, ఆ జారుడే చాలాసార్లు మోకాళ్ళని కాపాడింది. మ్యాట్ మీద బూటు గట్టిగా పట్టేస్తుంది. ఒళ్ళు తిరుగుతుంది, పాదం తిరగదు, నడుమ మోకాలు నలుగుతుంది.

అందుకే అదను చూసి పట్టు. ఎంత చురుకైన రైడరైనా వెనక్కి మళ్ళాలంటే లోపలికి వచ్చే వేగం ముందు సున్నా కావాలి. చీలమండ అందుకోవాల్సింది ఆ క్షణంలోనే. ఆగలేవని నాకు తెలుసు. బూరెలు మూకుట్లో ఉండగానే చెయ్యి పెట్టబోయిన దానివి! అదనపు పాయింటు కోసం రైడర్ దాటే బోనస్ లైన్ దగ్గర కాలు కనబడగానే మీద పడిపోకు.

ఆమె పక్కగీత వెంబడి పరిగెడుతుంటే ఎదురు నిలబడొద్దు. మీ కోర్టు వెడల్పు 8 మీటర్లే, గీత ఎప్పుడూ దగ్గరే. భుజంతో పక్కకి నెట్టు. ముందుకు పోయే జోరుని ఆపే పనే లేదు, అడ్డంగా కాస్త బలం చాలు. అదీ కుదరకపోతే వదిలెయ్యి. పాయింటు పోతే పోనీ తల్లీ.

బూట్లకి డబ్బు మీ నాన్నకి పంపాను. పాతవాటితోనే సర్దుకుంటానని ఇద్దరూ కలిసి నాకు కథలు చెప్పొద్దు. కొన్నాక ఫోటో పెట్టు, అడుగుభాగం కనబడేలా.

మీ పెదనాన్న